ఒంటరి గొంతు వెంట...

ప్రపంచమంతా బ్యాండు వెంట పడితే, కొందరు మాత్రం బ్యాండు వదిలేసి వచ్చిన గాయకుడి వెంట నడిచారు. చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో హెవీమెటల్ వినే ఆ కొద్దిమందికి బ్రూస్ డికిన్‌సన్ సోలో ఆల్బమ్‌లంటే ఎందుకంత ప్రాణం?

పాతబస్తీలో చెవులకు తీరిక ఉండదు. తెల్లవారుజామున అజాన్. పొద్దెక్కాక లాడ్‌బజార్లో గాజుల బేరాలు. పెళ్లి బరాత్ వస్తే మర్ఫా దరువు. బోనాల రోజుల్లో లాల్‌దర్వాజా దగ్గర పోతరాజుల ముందు మోగే డప్పులు. గురువారం రాత్రయితే ఏ దర్గా దగ్గరో కవ్వాలీ. ఇన్ని చప్పుళ్ల మధ్య ఇంకో చప్పుడుకి చోటెక్కడిది అనుకుంటాం. ఉంది. ఇయర్‌ఫోన్లలో!

అక్కడ వినపడేది హెవీమెటల్. ఇంట్లోవాళ్లకి అది సంగీతం కాదు, గోల. గోడ మీద పుర్రె మొహం పోస్టరు అంటిస్తే అమ్మ జడుసుకుంటుంది, నాన్న చింపేస్తాడు. అయినా వినేవాడు వింటూనే ఉంటాడు. హైదరాబాద్‌లో మెటల్ వినేవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే. సినిమా పాటలు, గజళ్లు, కవ్వాలీల ముందు వాళ్ల లెక్కెంత! కానీ ఆ కొద్దిమంది ఊరికే విని ఊరుకోలేదు. గాడ్‌లెస్ అనే డెత్‌మెటల్ బ్యాండు ఈ ఊళ్లోనే పుట్టింది. 2016లో తొలి ఈపీ, 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' పేరుతో పూర్తి ఆల్బమ్ తెచ్చింది.

ఆ కొద్దిమందిలోనే మరీ కొద్దిమందిది ఇంకో దారి. ఐరన్ మెయిడెన్ అంటే ఇష్టమా అని అడిగి చూడండి. 'ఇష్టమే. కానీ బ్రూస్ సోలో విన్నావా?' అని ఎదురు ప్రశ్న వేస్తారు. వినలేదంటే జాలిగా చూస్తారు. విన్నానంటే చాయ్ చెప్పి కూర్చోబెడతారు. ఇక గంటకి తక్కువ కాకుండా క్లాసే!

సోలో అంటే మరేం కాదు, ఒక బ్యాండులో పాడే గాయకుడు ఆ పేరుతో కాకుండా సొంత పేరుతో తెచ్చుకునే ఆల్బమ్. తెలుగువాళ్లకి ఇది కొత్తేం కాదు. సినిమా పాటల ఘంటసాల ఒకరు, 'పుష్పవిలాపం' పాడిన ప్రైవేటు రికార్డుల ఘంటసాల ఒకరు. మొదటాయన హీరో కోసం పాడారు. రెండో ఆయన తనకోసం పాడుకున్నారు. రెండు గొంతులూ ఒక్కటే. కానీ కరుణశ్రీ పద్యాలు అందుకున్నప్పుడు ఆ గొంతులో ఇంకేదో పలుకుతుంది. సోలో ఆల్బమ్‌ల మీద పిచ్చి ఉన్న అభిమాని వెతికేది ఆ 'ఇంకేదో' కోసమే. ఇంకోలా చెప్పాలంటే, బుర్రకథలో కథకుడికి వంత పాడేందుకు పక్కన ఇద్దరుంటారు. హరికథలో దాసుగారు ఒక్కరే నిలబడి ఆడాలి, పాడాలి, నవ్వించాలి. నిలబడగలిగారా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

సైరన్ అని పేరు

హెవీమెటల్ పుట్టిల్లు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్. ఫ్యాక్టరీల ఊరు. 1970లో బ్లాక్ సబ్బత్ అనే బ్యాండు తొలి ఆల్బమ్‌తో ఈ సంగీతానికి పునాది పడింది. ఐదేళ్ల తర్వాత, 1975లో, తూర్పు లండన్ కుర్రాడు స్టీవ్ హారిస్ ఐరన్ మెయిడెన్‌ని మొదలుపెట్టాడు. అతను బేస్ గిటార్ వాయిస్తాడు. చాలా పాటలు రాసేదీ అతనే. బ్యాండు ఎటు నడవాలో చెప్పేదీ అతనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, తర్వాతి కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

బ్రూస్ డికిన్‌సన్ 1958 ఆగస్టు 7న వర్క్‌సాప్ అనే ఊళ్లో పుట్టాడు. లండన్‌లో చరిత్ర డిగ్రీ చదివాడు. శాంసన్ అనే బ్యాండులో పాడుతుండగా, 1981లో ఐరన్ మెయిడెన్ పిలిచింది. మరుసటి ఏడాది వచ్చిన 'ది నంబర్ ఆఫ్ ది బీస్ట్' ఆ బ్యాండుని ప్రపంచానికి పరిచయం చేసింది. పై స్థాయికి వెళ్లి అక్కడే నిలిచిపోయే ఆ గొంతుకి అభిమానులు పెట్టిన ముద్దుపేరు 'ఎయిర్ రెయిడ్ సైరన్'. రంజాన్ నెలలో ఇఫ్తార్ సైరన్ కోసం చెవులు రిక్కించి పెరిగిన కుర్రాళ్లకి ఈ పేరుతో ఏ పేచీ లేదు. సైరన్ అంటే వాళ్లకి భయం కాదు మరి, ఖర్జూరం!

కవ్వాలీ తెలిసిన చెవికి మెటల్ మరీ అంత పరాయిదేం కాదని కూడా వీళ్ల వాదన. ఢిల్లీలో ఆఖరి మొఘల్ చక్రవర్తి దర్బారులో పాడిన తాన్‌రస్ ఖాన్ 1857 తర్వాత హైదరాబాద్ చేరారు. ఆయన పరంపర నుంచి వచ్చిన అజీజ్ అహ్మద్‌ఖాన్ వార్సీ ఈ నగరం కవ్వాలీకి పెద్దపేరు. ఆయన మనవలు ఇప్పుడు వార్సీ బ్రదర్స్‌గా పాడుతున్నారు. అక్కడా అంతే. ప్రధాన గాయకుడు గొంతెత్తి ఒక మాటను ఆకాశానికి విసురుతాడు. వెనకున్న హమ్‌నవాలు చప్పట్లతో దాన్ని పట్టుకుని మళ్లీ అందిస్తారు. మెల్లగా మొదలై ఊపందుకుని ఊగిపోయే దాకా వెళ్లడం కవ్వాలీకీ ఉంది, మెటల్‌కీ ఉంది. మరి ఆ హమ్‌నవాలు లేకపోతే గాయకుడి సంగతేంటి?

చెత్తబుట్టలోకి రెండు ఆల్బమ్‌లు

బ్రూస్ సోలో ప్రయాణం ఓ దయ్యం సినిమాతో మొదలైంది. 1989లో 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్' వరసలో ఐదో సినిమాకి పాట కావాలన్నారు. గిటారిస్టు జానిక్ గెర్స్‌తో కలిసి రికార్డు చేశాడు. అది విన్న స్టీవ్ హారిస్‌కి తెగ నచ్చేసి, బ్యాండు కోసం తీసేసుకున్నాడు. ఐరన్ మెయిడెన్ పేరుతో మళ్లీ రికార్డయిన ఆ పాట బ్రిటన్ చార్టుల్లో నంబర్‌వన్ అయింది. ఆ బ్యాండు చరిత్రలో నంబర్‌వన్ సింగిల్ అదొక్కటే. సోలో అభిమాని ఈ సంగతి చెప్పేటప్పుడు కాస్త ఆగి నవ్వుతాడు. 'చూశావా, మా వాడు పక్కకెళ్లి సరదాగా రాసుకున్నదే వాళ్లకి నంబర్‌వన్!' అని.

1990లో తొలి సోలో ఆల్బమ్ 'టాటూడ్ మిలియనీర్' వచ్చింది. నిజం చెప్పాలంటే అది సెలవులకెళ్లినవాడి సరదా. డేవిడ్ బోవీ రాసిన పాత పాటనొకటి మళ్లీ పాడాడు. ఎవరినీ నొప్పించదు, ఎవరినీ పెద్దగా కదిలించదు. వీరాభిమానులు కూడా దీని మీద ఎక్కువసేపు మాట్లాడరు.

అసలు కథ 1993లో. బ్రూస్ బ్యాండు వదిలేస్తున్నట్లు ప్రకటించాడు. చుట్టూ వేల మంది చేతులెత్తి ఊగుతున్నారు, డబ్బుంది, పేరుంది. అయినా వెళ్లిపోయాడు. ఇదే బాటలో ఉండిపోతే జీవితాంతం అవే పాటలు పాడాల్సి వస్తుందన్న దిగులు. ఆ ఏడాది ఆగస్టులో లండన్ దగ్గరి పైన్‌వుడ్ స్టూడియోలో వీడ్కోలు కచేరీ జరిగింది.

అదే 1993లో మన దేశంలో ఇంకో చిన్న సంగతి. అలహాబాద్ నుంచి అమిత్ సైగల్ 'రాక్ స్ట్రీట్ జర్నల్' అనే పత్రిక మొదలుపెట్టారు. ఇంటర్నెట్ లేని ఆ కాలంలో ఏ బ్యాండు ఏం చేస్తోందో తెలియాలంటే ఇలాంటి పత్రికలే దిక్కు. లేదంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో దొరికే విదేశీ పత్రికల పాత సంచికలు. క్యాసెట్ దొరికితే పండగే. ఒకరి దగ్గర ఉంటే పదిమంది కాపీ చేసుకునేవారు. కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ. చివరివాడి దగ్గరికొచ్చేసరికి గిటార్ కంటే బుస్సుమనే శబ్దమే ఎక్కువ!

బయటికొచ్చిన బ్రూస్‌కి ఏం చేయాలో తెలియలేదు. స్కిన్ అనే బ్రిటిష్ బ్యాండు కుర్రాళ్లతో ఓ ఆల్బమ్ మొదలుపెట్టి పక్కన పడేశాడు. కీత్ ఓల్సన్ అనే పేరున్న ప్రొడ్యూసర్‌తో మళ్లీ ప్రయత్నించాడు. అదీ చెత్తబుట్టలోకే. మూడోసారి లాస్ ఏంజెలెస్‌లో ట్రైబ్ ఆఫ్ జిప్సీస్ అనే లాటిన్ రాక్ బ్యాండు తగిలింది. దాని నాయకుడు, గిటారిస్టు రాయ్ జీ. అక్కడ కుదిరింది జోడీ. 1994లో వచ్చిన ఆ ఆల్బమ్ పేరు 'బాల్స్ టు పికాసో'. ఆ పేరుకి అర్థం ఆదివారం పూట ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో రాయడం కష్టం, వదిలేద్దాం.

అందులో చివరి పాట 'టియర్స్ ఆఫ్ ది డ్రాగన్'. ఆరు నిమిషాల పైచిలుకు. మిగతా పాటలు చాలావరకు రాయ్ జీతో కలిసి కట్టినవి, ఇది మాత్రం బ్రూస్ ఒక్కడే రాసుకున్నాడు. మెల్లగా, దాదాపు మాట్లాడుతున్నట్లు మొదలవుతుంది. సైరన్ లేదు. భయపడుతున్న మనిషి ఉన్నాడు. భయాన్ని వదిలి నీళ్లలోకి దూకబోతున్న మనిషి. తర్వాత పల్లవిలో ఆ గొంతు విచ్చుకుంటుంది. బ్యాండుని వదిలేసిన మనసుని ఆ పాటలో చదువుకుంటారు అభిమానులు. ఉద్యోగం మానేయాలా వద్దా, ఇల్లు వదిలి వేరే ఊరు వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేని వయసులో విన్నవాళ్లకి ఆ పాట సొంత ఉత్తరంలా అనిపించిందంటే వింతేం కాదు. దుబాయ్‌కో సౌదీకో వెళ్లే అన్నల్ని సాగనంపడం పాతబస్తీ ఇళ్లకి అలవాటే కదా.

కొండ దారిలో లారీ

బ్రూస్ సోలో కథలో అభిమానులు అన్నిటికంటే ఎక్కువగా చెప్పుకునేది ఒక ఆల్బమ్ గురించి కాదు. ఒక రాత్రి గురించి.

1992 ఏప్రిల్ నుంచి బోస్నియా రాజధాని సరాయెవో ముట్టడిలో ఉంది. చుట్టూ కొండల మీద ఫిరంగులు, వీధుల్లో నడిస్తే ఎక్కడినుంచో తూటా. నీళ్లు లేవు, కరెంటు లేదు. దాదాపు నాలుగేళ్లు సాగిన ఆ ముట్టడిలో పదివేల మందికి పైగా చనిపోయారు. అలాంటి ఊరికి పాడటానికి రమ్మని బ్రూస్‌కి పిలుపొచ్చింది. పెద్ద బ్యాండులో ఉండి ఉంటే మేనేజర్లు, బీమా కంపెనీలు, వందమంది సిబ్బంది. ఎవరో ఒకరు వద్దని ఆపేవారే. ఇప్పుడు పక్కనున్నది ముగ్గురే. గిటార్ అలెక్స్ డిక్సన్, బేస్ క్రిస్ డేల్, డ్రమ్స్ అలెస్సాండ్రో ఎలీనా. ఎవరికీ పెద్ద పేరు లేదు. సరే అన్నారు.

విమానంలో వెళ్లే వీల్లేకపోయింది. క్రొయేషియా తీరంలోని స్ప్లిట్ నుంచి ఒక సహాయ సంస్థ లారీలో ఎక్కారు. రాత్రిపూట, చలిలో, ఇగ్మన్ కొండ మీదుగా, యుద్ధరంగం మధ్యలోంచి ప్రయాణం. 1994 డిసెంబరు 14న సరాయెవోలోని బోస్నియన్ సాంస్కృతిక కేంద్రంలో పాడారు. వచ్చిన కుర్రాళ్లకి హాలు దాకా రావడమే ప్రాణాపాయం. అయినా హాలు నిండింది. ఆ కుర్రాళ్లే పెద్దవాళ్లయ్యాక చెప్పిన జ్ఞాపకాలతో 'స్క్రీమ్ ఫర్ మి సరాయెవో' అనే డాక్యుమెంటరీ వచ్చింది. 2019లో సరాయెవో నగరం బ్రూస్‌కి గౌరవ పౌరసత్వం ఇచ్చింది.

ఈ కథ లండన్ అభిమానికి సాహసగాథ. పాతబస్తీ అభిమానికి ఇంకొంచెం ఎక్కువ. 1990 డిసెంబరు అల్లర్లలో రోజుల తరబడి కర్ఫ్యూలో ఉన్న బస్తీ ఇది. పాల ప్యాకెట్ కోసం కర్ఫ్యూ సడలించే గంట కోసం ఎదురుచూడటం, పక్క గల్లీలోని స్నేహితుణ్ని చూడలేకపోవడం ఇక్కడివాళ్లకి పుస్తకంలో చదివిన సంగతులు కావు. సరాయెవోతో పోల్చదగ్గ కష్టమని ఎవరూ అనరు. కానీ తలుపులు మూసుకున్న ఊళ్లో ఒక రాత్రి ఎవరో వచ్చి పాట పాడితే ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి ఈ గల్లీల్లో పెద్దగా కష్టపడక్కర్లేదు.

జుత్తు కత్తిరించిన ఏడాది

సరాయెవో వెళ్లొచ్చిన ఆ ముగ్గురితోనే బ్రూస్ 1996లో 'స్కంక్‌వర్క్స్' చేశాడు. అమెరికాలో లాక్‌హీడ్ కంపెనీ రహస్య విమానాలు తయారుచేసే విభాగం పేరది. విమానాలంటే బ్రూస్‌కి పిచ్చి, ఆ సంగతి తర్వాత చెప్పుకుందాం. నిర్వాణా తొలి ఆల్బమ్‌ని రికార్డు చేసిన జాక్ ఎండీనోని ప్రొడ్యూసర్‌గా పెట్టుకున్నాడు. పింక్ ఫ్లాయిడ్ అట్టలు వేసిన స్టార్మ్ థార్గర్సన్ బృందం దీనికి అట్ట చేసింది. పొడుగు జుత్తు కత్తిరించేసుకున్నాడు. స్కంక్‌వర్క్స్ అనేది ఒక కొత్త బ్యాండు పేరుగా ఉండాలని, తన పేరే అట్ట మీద వద్దని పట్టుబట్టాడు. రికార్డు కంపెనీ ఒప్పుకోలేదు. డికిన్‌సన్ పేరు లేకపోతే కొనేదెవరు?

ఆ పేరున్నా ఎక్కువమంది కొనలేదు. మెటల్ అభిమానులకి అది మెటల్‌లా అనిపించలేదు. కొత్త తరానికి బ్రూస్ పాత మనిషి. బృందం విడిపోయింది. పత్రికలు అతని పని అయిపోయిందన్నట్లే రాశాయి. అటు ఐరన్ మెయిడెన్ కూడా కొత్త గాయకుడు బ్లేజ్ బేలీతో తంటాలు పడుతోంది. అభిమానులకి అవి కరవు రోజులు.

'స్కంక్‌వర్క్స్' నిజంగా అంత చెడ్డదా? కాదు. అలెక్స్ డిక్సన్ గిటార్ కోసమైనా వినొచ్చు. కానీ ఎవరిలాగో ఉండాలని ప్రయత్నిస్తున్న మనిషి గొంతు అది. ఇంత దూరం నుంచి వింటే ఆ ఇబ్బంది తెలిసిపోతుంది.

పుర్రె కాదు, తోలుబొమ్మ

చేతులు కాలాక రాయ్ జీ నుంచి ఫోన్. కొన్ని బాణీలు ఉన్నాయి, విను అన్నాడు. బరువైన, అచ్చమైన మెటల్. 1997లో 'యాక్సిడెంట్ ఆఫ్ బర్త్' వచ్చింది. బ్రూస్ కంటే ముందే మెయిడెన్ వదిలేసిన గిటారిస్టు ఆడ్రియన్ స్మిత్ కూడా వచ్చి కలిశాడు. మెయిడెన్ పుర్రె బొమ్మ ఎడ్డీని గీసిన డెరెక్ రిగ్స్‌తోనే అట్ట వేయించారు. ఎడ్డీ బదులు మనిషి కడుపులోంచి బయటికొస్తున్న తోలుబొమ్మ లాంటి పిశాచం. ఇంట్లో పెద్దవాళ్ల కంట పడకుండా దాచాల్సిన బొమ్మే! లోపల మాత్రం 'మ్యాన్ ఆఫ్ సారోస్' లాంటి పాట, పియానో మీద మొదలై గుండెల్ని పట్టుకునేది, 'ఆర్క్ ఆఫ్ స్పేస్' లాంటి నిమ్మళమైన ముగింపు. పరాయి దుస్తులు విప్పేసి సొంత చొక్కా వేసుకున్న మనిషిలా ఉంటాడు ఇందులో.

మరుసటి ఏడాది, 1998లో, 'ది కెమికల్ వెడ్డింగ్'. అభిమానులు అసలు వాదించని ఆల్బమ్ ఇది, వాదించాల్సిన పని లేదు కాబట్టి.

దీని వెనకున్నది విలియం బ్లేక్. 1757లో పుట్టి 1827లో పోయిన ఆంగ్ల కవి, చిత్రకారుడు. సొంత కవితలు సొంతంగా రాగిరేకుల మీద చెక్కి, రంగులద్ది, తనే అచ్చేసుకున్నవాడు. బతికుండగా పట్టించుకున్నవాళ్లు తక్కువ. బ్రూస్ బ్లేక్ పుస్తకాల్లో మునిగి, దానికి రసవాదాన్ని జోడించాడు. ఇనుముని బంగారం చేయాలనుకునే విద్య. మనకి వేమన పేరుతో చెప్పుకునే పరుసవేది కథలున్నాయి కదా, ఆ తోవలోదే. రసవాదుల లెక్కలో రెండు విరుద్ధ పదార్థాలు కలిసి మూడోది పుట్టడమే 'కెమికల్ వెడ్డింగ్'. అట్ట మీద బొమ్మ కూడా బ్లేక్ గీసిందే, 'ది గోస్ట్ ఆఫ్ ఎ ఫ్లీ'. ఫ్లీ అనే పురుగు ఆత్మ ఎలా ఉంటుందో ఆయన ఊహ!

సంగీతం మాటకొస్తే, గిటార్ల శ్రుతి బాగా దించేశారు. అడుగున నేల కదులుతున్నట్లుంటుంది. అంత మందపాటి ధ్వని మీద ఆ గొంతు పైన తేలుతుంది. పాటల మధ్య ఆర్థర్ బ్రౌన్ అనే పాత రాక్ గాయకుడు బ్లేక్ మాటల్ని చదువుతాడు. 'ది టవర్', 'బుక్ ఆఫ్ థెల్', 'జెరూసలేం', 'ట్రంపెట్స్ ఆఫ్ జెరికో'... ఒకదాని తర్వాత ఒకటి వినాలి తప్ప, మధ్యలోంచి ఏరుకుని వినేది కాదు. అదే ఏడాది ఐరన్ మెయిడెన్ 'వర్చువల్ ఎలెవెన్' విడుదల చేసింది. రెండూ పక్కపక్కన పెట్టి వినమంటారు సోలో అభిమానులు. విన్నాక ఇంకేం మాట్లాడరు, చాయ్ కప్పు వంక చూస్తూ నవ్వుతారంతే.

కలిసినందుకు దిగులు

1999 మొదట్లో వార్త వచ్చింది. బ్రూస్, ఆడ్రియన్ స్మిత్ ఇద్దరూ మళ్లీ ఐరన్ మెయిడెన్‌లోకి! ప్రపంచం పండగ చేసుకుంది. 2000లో 'బ్రేవ్ న్యూ వరల్డ్' వచ్చింది, మంచి ఆల్బమే. కానీ సోలో అభిమాని పరిస్థితి విచిత్రం. అలిగి వెళ్లిన పెద్దకొడుకు ఉమ్మడి కుటుంబంలోకి తిరిగొచ్చాడు, ఇంటిల్లిపాదికీ సంతోషం. వేరు కాపురంలో అతను పెట్టుకున్న చిన్న కొట్టు మాత్రం సరిగ్గా నడక అందుకున్న సమయానికి మూతపడింది. ఆ కొట్టుకి రోజూ వచ్చే ఖాతాదారుడు ఎవరితో చెప్పుకోవాలి?

2005లో 'టిరనీ ఆఫ్ సోల్స్' వచ్చింది. రాయ్ జీ బాణీలు పంపితే, బ్యాండుతో ఊళ్లు తిరుగుతూ తీరిక దొరికినప్పుడల్లా బ్రూస్ వాటికి పాటలు కట్టాడు. బాగుంది. 'కెమికల్ వెడ్డింగ్' అంత కాదు. తర్వాత నిశ్శబ్దం.

ఈలోగా బ్రూస్ చేయని పని లేదు. కత్తిసాము పోటీల్లో దిగాడు. అలీస్టర్ క్రౌలీ కథతో 2008లో వచ్చిన 'కెమికల్ వెడ్డింగ్' సినిమాకి స్క్రిప్టులో చేయి వేశాడు. వాణిజ్య విమానాల పైలట్ లైసెన్సు తెచ్చుకుని ఆస్ట్రేయస్ అనే విమాన సంస్థలో కెప్టెన్‌గా ఉద్యోగం చేశాడు. 2008లో బ్యాండునీ సామగ్రినీ ఎక్కించుకున్న బోయింగ్ 757ని తనే నడుపుతూ ప్రపంచం చుట్టాడు. ఆ పర్యటన మొదలైంది మన ముంబయిలోనే, ఫిబ్రవరి 1న.

అంతకుముందే, 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ తొలిసారి మన దేశంలో పాడింది. కాచిగూడలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి బెంగళూరే కదా! హైదరాబాద్ మెటల్ అభిమానులకి అది హజ్, కాశీ, తిరుపతి అన్నీ. చిత్రం ఏంటంటే సరిగ్గా అదే రోజు ప్రపంచకప్‌లో బంగ్లాదేశ్ చేతిలో భారత్ ఓడిపోయింది. దేశమంతా తల పట్టుకున్న రాత్రి, బెంగళూరులో వేల మంది నల్లచొక్కాలు మాత్రం పిడికిళ్లు ఎత్తి ఎగురుతున్నాయి. 2009 ఫిబ్రవరిలో బ్యాండు మళ్లీ అక్కడికే వచ్చింది. మెయిడెన్ వేదిక మీద బ్రూస్ సోలో పాటలు పాడరు. రైలు దిగి ఆ గొంతును కళ్లముందు చూసి పొంగిపోయినవాడు కూడా, 'టియర్స్ ఆఫ్ ది డ్రాగన్' మాత్రం వినకుండానే ఇంటికొచ్చాడు.

పందొమ్మిదేళ్ల తర్వాత...

2014 చివర్లో బ్రూస్ నాలుక మొదట్లో క్యాన్సర్ కణితి బయటపడింది. పాడేవాడికి అక్కడ! రేడియేషన్, కీమోథెరపీ. 2015 మేలో డాక్టర్లు నయమైందన్నారు. గొంతు తిరిగొస్తుందో లేదో ఎవరికీ తెలియదు. వచ్చింది. 2016లో బ్యాండు పర్యటనకి ఈసారి ఏకంగా జంబోజెట్ నడిపాడు.

ఇక్కడ సోలో అభిమాని తప్పకుండా చెప్పే సంగతొకటుంది. 2015లో వచ్చిన మెయిడెన్ ఆల్బమ్ 'ది బుక్ ఆఫ్ సోల్స్' మొదలయ్యే పాట 'ఇఫ్ ఇటర్నిటీ షుడ్ ఫెయిల్'. అది అసలు బ్రూస్ తన సోలో ఆల్బమ్ కోసం రాసుకున్నది. స్టీవ్ హారిస్ విన్నాడు, నచ్చింది, బ్యాండుకి వెళ్లిపోయింది. 1989 కథే మళ్లీ! ఈసారి మాత్రం బ్రూస్ దాన్ని వదల్లేదు. 2024 మార్చి 1న, పందొమ్మిదేళ్ల విరామం తర్వాత వచ్చిన సోలో ఆల్బమ్ 'ది మాండ్రేక్ ప్రాజెక్ట్'లో అదే పాట 'ఇటర్నిటీ హాజ్ ఫెయిల్డ్' పేరుతో మళ్లీ వినిపించింది. రెండింటినీ ఒకదాని వెంట ఒకటి వింటే బ్యాండు గొంతుకీ ఒంటరి గొంతుకీ తేడా ఏంటో ఎవరూ వివరించక్కర్లేదు. మొదటిదాంట్లో గాయకుడు గుర్రపు దళం ముందు నడుస్తున్నట్లుంటాడు. రెండోదాంట్లో చీకటి గదిలో కూర్చుని కథ చెబుతున్నట్లు.

అరవై ఐదేళ్ల మనిషి గొంతు అది. పాతికేళ్ల కిందటి పదును లేదు. ఆ లోటును దాచడానికి ప్రయత్నించలేదు కూడా. ఆఖర్లో వచ్చే పదినిమిషాల 'సొనాటా'లో దాదాపు గుసగుసలాడతాడు. కథకి తోడు ఒక కామిక్ పుస్తకాల వరసా తెచ్చారు. ఆ ఏడాది సోలో పర్యటన కూడా చేశాడు, అమెరికా, మెక్సికో, బ్రెజిల్, యూరప్. కాచిగూడ రైలుకి అందే దూరాలు కావవి. 2025 జులైలో 'బాల్స్ టు పికాసో'ని కూడా మళ్లీ ముస్తాబు చేసి 'మోర్ బాల్స్ టు పికాసో'గా విడుదల చేశాడు. 1994లో తన మనసులో ఉన్న ధ్వని అప్పుడు రాలేదట, ముప్పై ఏళ్లకి సరిచేసుకున్నాడు.

కాపీకి కాపీ చేసిన క్యాసెట్‌తో మొదలుపెట్టినవాళ్లు ఇప్పుడు నలభైలు దాటారు. పిల్లలకి ఫోన్లో నొక్కితే అన్నీ దొరుకుతున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలని వాళ్లు అడిగితే అభిమాని చెప్పే వరస ఇది. ముందు 'టియర్స్ ఆఫ్ ది డ్రాగన్', అది అమ్మకి వినిపించినా ఏమీ అనదు. తర్వాత 'మ్యాన్ ఆఫ్ సారోస్'. ఆ తర్వాత 'యాక్సిడెంట్ ఆఫ్ బర్త్' మొత్తం, అట్ట బొమ్మ చూపించకుండా. 'టాటూడ్ మిలియనీర్' ఎప్పుడైనా ఆటోలో వెళ్తూ వినొచ్చు. 'ది కెమికల్ వెడ్డింగ్' మాత్రం రాత్రి అందరూ పడుకున్నాక, గల్లీలో ఆఖరి షట్టర్ దిగాక, మొదటి పాట నుంచి చివరి పాట దాకా, మధ్యలో ఫోన్ ఎత్తకుండా.